సంతకాలమ్మగారి కుడిచెయ్యి

కంపెనీ బోర్డులో ఒక ఆడమనిషైనా ఉండాలని ప్రభుత్వం రూలు పెట్టినప్పుడు, రంగుల మిల్లు ఎండీ బయటెక్కడా వెతకలేదు. ఇంట్లో భార్య ఉండగా పరాయివాళ్లెందుకని ఆవిణ్ణే కుర్చీలో కూర్చోబెట్టేశాడు. నెలకోసారి రావడం, కార్యదర్శి పసుపు చీటీ అంటించిన చోటల్లా సంతకం పెట్టడం, టీ తాగి వెళ్లిపోవడం. ఆరేళ్లుగా ఆవిడ చేసిన డైరెక్టరుగిరీ ఇదే. మిల్లులో కార్మికులు ఆవిడకి సంతకాలమ్మగారని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడితే ఆవిడ కూడా నవ్వుకుంది.

మిల్లులో వాటా ఉన్న విదేశీ భాగస్వాముల బోర్డులో అయిదుగురికి ఇద్దరు ఆడవాళ్లు. తెర మీద మీటింగ్ జరిగినప్పుడల్లా వాళ్లిద్దరూ ఆరాలు తీసి ఎండీని చెమటలు పట్టించేవాళ్లు. "మన దగ్గర ఆ బెడద లేదు" అని ఆయన, బోర్డులో మూడోవాడైన తమ్ముడితో అని మురిసిపోయేవాడు.

మంగళవారం పగలు పదకొండింటికి మిల్లు బాయిలర్ పేలింది. షెడ్డు రేకులు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. ఆవిరి, సలసల కాగే నీళ్లు కలిసి ముగ్గుర్ని అక్కడికక్కడే ఉడకబెట్టేశాయి. బాయిలర్ మేస్త్రీ ఒంటి తోలు చొక్కాతోపాటు ఊడివచ్చింది.

ఆస్పత్రిలో శవాల గది ముందు మేస్త్రీ భార్య సంతకాలమ్మగారి చెంప ఛెళ్లుమనిపించింది. ఎవరూ ఆపలేదు. తర్వాత ఆవిడ కుడిచెయ్యి ఒడిసి పట్టుకుంది.

"ఈ చెయ్యేనా సంతకం పెట్టింది? ఆవిరి వదిలే వాల్వు పట్టేసింది, నాలుగు రోజులు బాయిలర్ ఆపండని మా ఆయన రాసిచ్చాడు. ఇచ్చే ముందు నాకు చదివి వినిపించాడు. మీరు చదివారా తల్లీ?"

చదవలేదు. అబద్ధమెందుకు, ఆరేళ్లలో ఒక్క కాగితమూ చదవలేదు. ఆవిడ అటునుంచటే ఆఫీసుకెళ్లి కిందటి నెల ఫైలు తీయించింది. పదిహేడో పేజీలో మేస్త్రీ ఉత్తరం ఉంది. మరుసటి పేజీలో, మరమ్మతు సంగతి సీజనయ్యాక చూద్దామన్న తీర్మానం. కింద ఎండీది, ఆయన తమ్ముడిది, తనది, మూడు సంతకాలు. గుండ్రంగా ముద్దుగా ఉన్న తన సంతకం చూసి, ఆవిడ పేజీ వెనక్కి తిప్పి మేస్త్రీ ఉత్తరం మొదటినుంచీ చదివింది.

గురువారం మీటింగ్. భాగస్వాములు తెర మీదికి రావడానికి గంట ముందే ఎండీ ఆవిడ ముందుకు నివేదిక తోశాడు. మేస్త్రీ తాగిన మత్తులో వాల్వు బిగించేయడం వల్లే ప్రమాదం జరిగిందట. పసుపు చీటీ అంటించే ఉంది.

"ఆయన తాగడు" అందావిడ.

"చచ్చినవాడు తాగితేనేం, తాగకపోతేనేం? పెట్టు."

"పెట్టను."

పెళ్లయిన పాతికేళ్లలో ఆయన ఈ మాట వినలేదు. జుట్టు పట్టుకుని ఆవిడ తల బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. మరిది వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"ఎందుకొచ్చిన గొడవ వదినా, అన్నయ్య కోపం తెలుసుగా" అన్నాడు బుజ్జగిస్తూ, నెత్తురు పడకుండా కాగితాన్ని పక్కకి జరుపుతూ. కార్యదర్శి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఎండీ ఆవిడ వేళ్ల మధ్య పెన్ను ఇరికించి మణికట్టు వంచాడు. ఆవిడ పిడికిలి బిగించింది. ఆయన మెలితిప్పాడు. పటుక్కుమన్న చప్పుడు గదిలో అందరికీ వినబడింది. ఆవిడ కేక పెట్టి కుర్చీలోంచి జారిపోయింది.

"అన్నయ్యా, సంతకం పెట్టే చెయ్యి అదేగా" అన్నాడు మరిది.

ఎండీ మొహం పాలిపోయింది. ఆడ డైరెక్టరు సంతకం లేనిదే నివేదిక ముట్టుకునేది లేదని భాగస్వాములు తెగేసి చెప్పారు. ఉన్న ఆడ డైరెక్టరు ఒక్కతే. ఇంకొకామెను పెట్టుకుందామన్న ఆలోచన ఇన్నేళ్లలో ఎవరికీ రాలేదు.

"ఎడంచేత్తో పెడతాను" అందావిడ పళ్లు బిగించి. "వాళ్లు చూస్తుండగా పెడతాను. లేకపోతే అది నాది కాదంటారు."

ఆ మాట వాళ్లకి సబబుగానే తోచింది. మూతి తుడిచారు. విరిగిన చెయ్యి కనబడకుండా శాలువా కప్పారు.

తెర వెలిగింది. ఆవిడ ఎడంచేత్తో పెన్ను పట్టుకుంది. అక్షరాలు దిద్దుకునే పిల్లలా నెమ్మదిగా, వంకరటింకరగా రాసుకుంటూ పోయింది. సంతకానికి అంతసేపెందుకో మరిదికి అనుమానమొచ్చింది. కాగితం లాక్కోబోయాడు. ఆవిడ పెన్ను వదిలి అదే చేత్తో పేపర్ వెయిట్ ఎత్తి అతని వేళ్ల మీద దించింది. అతను కెవ్వుమన్నాడు.

అప్పుడు రాసింది పైకి చదివింది. "మేస్త్రీ తాగలేదు. ఆయన ముందే రాసిచ్చాడు, పదిహేడో పేజీ చూడండి. నేను చదవకుండా సంతకం పెట్టాను. ఆయన్ను చంపిన ముగ్గురిలో నేనొకదాన్ని."

తెర మీద ఒకావిడ, శాలువా కింద ఏముందని అడిగింది. ఆవిడ శాలువా తీసేసింది. వాచి నల్లబడిన చెయ్యి పక్కకి వేలాడుతోంది.

"నువ్వూ జైలుకి పోతావే" అన్నాడు ఎండీ, ఆవిడకి మాత్రమే వినబడేలా.

"తెలుసు. పాతికేళ్లు మీ వెనకే నడిచాను. పదండి, అక్కడికీ వస్తాను."