ఐదో గొలుసు మీద గీత

ఆ యార్డులో అతన్ని కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. డ్రైవర్లకీ, క్రేన్ నడిపేవాడికీ, గేటు కాపలావాడికీ అతను సుద్దముక్క. చెవి మీద ఎప్పుడూ ఒక పసుపు సుద్దముక్క ఇరికించుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరొచ్చింది. స్నానానికి వెళ్లినా చెవి మీద అదే ఉంటుందని వెనకాల నవ్వుకునేవాళ్లు.

అతని పని ట్రైలర్ల మీద సరుకు కట్టడం. పక్కగోడలు గానీ పైకప్పు గానీ లేని, బల్ల పరిచినట్టుండే ట్రైలర్లు. వాటి మీదికెక్కేది పెద్ద పెద్ద ఇనుప గొట్టాలు. గొట్టమనేది దొర్లడానికే పుట్టింది. కింద అడ్డదుంగలు పరిచి, రెండు పక్కలా చెక్క ఆపులు మేకులతో దిగ్గొట్టి, పైనుంచి ఐదు గొలుసులు వేస్తే గానీ అది మనిషి మాట వినదు. ఒక్కో గొలుసుకీ ఒక బిగింపు లివర్ ఉంటుంది. లివర్ కొక్కేన్ని గొలుసులో ఏ లంకెకి తగిలించావన్నదే అసలు విద్య. సరైన లంకెకి తగిలిస్తే లివర్ మూయడానికి ఒంటి బరువంతా దాని మీద వేయాలి, నడుం విరిగినంత పనవుతుంది. ఒక్క లంకె వదులుగా తగిలించావా, పెట్టె మూత వేసినంత తేలిగ్గా ఒంటిచేత్తో మూసుకుంటుంది. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి.

అందుకని మూశాక ఇనుపరాడ్డుతో గొలుసు మీద ఒక్కటి వేయాలి. బిగిసిన గొలుసు ఖంగుమంటుంది. వదులు గొలుసు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు గొణుగుతుంది. ఖంగుమన్నాకే అతను చెవి మీది సుద్ద తీసి లివర్ పిడి మీద ఒక గీత గీసేవాడు. గీత ఉందంటే ఆ గొలుసు సంగతి తేలిపోయినట్టే.

యార్డు రూలు ఇంకొకటుంది. బండి బయల్దేరిన కాసేపటికి, మొదటి పెట్రోలు బంకు దగ్గర డ్రైవరు ఆపాలి. దిగి, రాడ్డు తీసుకుని, ప్రతి గొలుసూ కొట్టి చూసుకోవాలి. కుదుపులకి సరుకు సర్దుకుంటుంది, సర్దుకుంటే గొలుసు వదులవుతుంది. కానీ డ్రైవర్లు తమకి అనుకూలంగా ఇంకో మాట పుట్టించుకున్నారు: సుద్దముక్క గీశాడంటే రాడ్డు తీయక్కర్లేదు. ఆగి, చుట్టూ తిరిగి, ఐదు గీతలు లెక్కపెట్టుకుని ఎక్కేసేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అతను తల వంచుకుని లోలోపల మురిసిపోయాడే తప్ప, అలా చేయకండిరా అని ఒక్కనాడూ అనలేదు. బడిలో మూడేళ్లు కూడా కుదురుగా కూర్చోని మనిషి. తన చేతి గీతని నలుగురు చదివి నమ్ముతున్నారంటే అతనికి అది మామూలు సంగతా.

అందరికంటే ఎక్కువ నమ్మింది బావ. అక్క మొగుడు. అదే యార్డులో పాతికేళ్లుగా బండి నడుపుతున్నాడు.

"నీ కట్టు చూస్తే మీ అక్క గుర్తొస్తుందిరా బామ్మర్దీ" అనేవాడు గొలుసుల వైపు చూసి. "ఊపిరి పీల్చుకోనివ్వదు."

"ఈ మాట అక్కకి చెప్పమంటావా?"

"చెప్పు. ఈ గొట్టాలతో పాటు నన్నూ కట్టి పంపించేస్తుంది. దారిలో ఎక్కడ దించాలో కూడా చెప్పదు."

ఆ రోజు పొద్దుటినుంచీ వాన ఆగలేదు. క్రేన్ సరుకెక్కించింది షెడ్డులోనే గానీ, వెనక ఇంకో రెండు బళ్లు కాచుకుని ఉన్నాయని, బావ నడపాల్సిన ట్రైలర్‌ని సూపర్‌వైజర్ బయటికి లాగించేశాడు. బయటే కట్టుకోమన్నాడు. తడి ఇనుము మీద సుద్ద గీయదు. గీసినా పాకం కారినట్టు కారిపోతుంది. అందుకని సుద్దముక్క వాన రోజుల్లో ఒక అడ్డదారి తొక్కేవాడు. షెడ్డులో పొడిగుడ్డతో లివర్లు తుడిచి, ముందే ఐదింటి మీదా గట్టిగా రుద్ది రుద్ది గీతలు గీసి, అప్పుడు బయటికి పట్టుకెళ్లేవాడు. పొడి మీద అలా రుద్దిన సుద్ద వానకి కాస్త నిలబడుతుంది. కిందటి వానలప్పుడూ అలాగే చేశాడు. ఏమీ కాలేదు.

ఆ రోజూ గీతలు ముందే గీసి పట్టుకొచ్చాడు. నాలుగు గొలుసులు పద్ధతిగానే బిగించాడు. ఒంటి బరువు వేశాడు, రాడ్డుతో కొట్టాడు, విన్నాడు. ఐదోది అన్నిటికంటే వెనకది. దాన్ని జారిపోకుండా అప్పటికి ఒక వదులు లంకెకి తగిలించి, ఒంటిచేత్తో మూసి, మళ్లీ వచ్చి బిగిద్దామనుకున్నాడు. ఇంతలో షెడ్డులోంచి సూపర్‌వైజర్ గొంతు వినిపించింది. వెనక బండి మీద ఆపు ఒకటి ఊడిపోయిందట. పరిగెత్తాడు. మేకులు కొట్టి తిరిగొచ్చేసరికి బావ ఇంజను వేసి కూర్చున్నాడు. వాన కళ్లలోకి కొడుతోంది. సుద్దముక్క ట్రైలర్ పొడుగునా ఒకసారి చూశాడు. ఐదు లివర్లు, ఐదు గీతలు. చెయ్యెత్తి పొమ్మన్నాడు.

తన గీతని తనే నమ్మాడు.

దిగుడు రోడ్డులో మలుపు దగ్గర గొట్టాలు కదిలాయట. వెనక కొసలు పక్కకి దొర్లి, బరువంతా ముందు గొలుసుల మీద పడి, వాటిని దారాల్లా తెంపేశాయట. ఒక గొట్టం క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చింది. దారిన పోయేవాళ్లెవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే మేలు అన్నారు యార్డులో. బావ కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

మూడో రోజు ట్రైలర్‌ని యార్డుకి లాక్కొచ్చారు. అందరూ తెగిన నాలుగు గొలుసుల చుట్టూ మూగి, గొలుసులు పాతబడ్డాయనీ, మలుపులో డ్రైవరు జోరు మీదున్నాడనీ తోచిందల్లా మాట్లాడారు. సుద్దముక్క మాత్రం చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఐదో గొలుసు తెగలేదు. ఎక్కడా ఒక గీటు కూడా పడలేదు. బరువు మీద పడితే కదా తెగడానికి. వదులు లంకెకి తగిలించిన కొక్కెం తగిలించినట్టే ఉంది, లివర్ మూసింది మూసినట్టే ఉంది. పిడి మీద పసుపు గీత సగం చెరిగి, సగం మిగిలి ఉంది.

చుట్టూ చూశాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. బొటనవేలితో ఆ మిగిలిన సగం తుడిచేశాడు. వేలికి పసుపు అంటింది. పంపు దగ్గరకెళ్లి కడుక్కున్నాడు గానీ గోరు సందులో కాస్త ఉండిపోయింది. ఆ రోజంతా ఆ చేత్తో ఏమీ తినలేకపోయాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు. మేనేజరుకి చెప్పేముందు బావకి చెప్పాలనుకున్నాడు. వార్డులో బావ మంచం గోడవారగా ఉంది. దుప్పటి ఒకపక్క ఎత్తుగా, ఒకపక్క పల్లంగా ఉంది. అక్క మందుల కోసం కిందికి వెళ్లింది.

"బావా, ఆ ఐదోది..."

"తెలుసు" అన్నాడు బావ.

సుద్దముక్క తలెత్తి బావ ముఖంలోకి చూశాడు.

"బంకు దగ్గర ఆపాను. దిగాను. ఐదు గీతలూ ఉన్నాయి. రాడ్డు సీటు కింద ఉంది. వానలో దాన్నెవడు తీస్తాడు, కట్టింది మా బామ్మర్ది కదా అని ఎక్కేశాను." దుప్పటి పల్లంగా ఉన్న వైపు సర్దుకున్నాడు. "మలుపులో అద్దంలోకి చూస్తే నాలుగూ బిగదీసుకుని ఉన్నాయి. ఐదోది ఊయలూగుతోంది. అప్పుడిక చేసేదేముంది."

"రేపు మేనేజరుకి చెప్పేస్తాను."

"నిన్ననే వచ్చారు వాళ్లు. కాగితం రాయించుకుని వెళ్లారు. ఎక్కడా బండి ఆపలేదు, గొలుసులు చూసుకోలేదు అని సంతకం పెట్టేశా."

"అదేంటి బావా? నువ్వు ఆపావు కదా."

"నాకిక స్టీరింగ్ ఎవడిస్తాడురా? ఒంటికాలితో బ్రేకు తొక్కనా, క్లచ్చి తొక్కనా? నిన్ను కూడా గెంటేస్తే రెండిళ్లలోనూ పొయ్యి వెలగదు. నీకు చదువు రాదు సరే, ఇదైనా అర్థం కాదా?"

సుద్దముక్క మంచం ఇనపకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కమ్మీ చల్లగా ఉంది.

"ఇంకో మాట" అన్నాడు బావ. "మీ అక్కకి చెప్పకు. దానికి మొగుడి మీద కోపమొస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. తమ్ముడి మీదొస్తే ఆరదు."

ఆ ఒక్కమాటలో బావ లెక్క తప్పాడు. మొగుడి మీద కోపం ఆరలేదు. నెల తిరిగినా, రెండో నెల వచ్చినా ఆరలేదు. ఆడమనిషి భయపడితే ఆ భయం కోపమై బయటికొస్తుంది, ఎదురుగా ఉన్నవాడి మీద పడుతుంది. ఎదురుగా ఉన్నది బావ. ఎక్కడికీ లేచి పోలేడు కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం సుద్దముక్క వాళ్లింటికి వెళ్లాడు. అక్క కిటికీ దగ్గర కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. పక్కన బావ ప్యాంట్లన్నీ కుప్పగా ఉన్నాయి. ఒక్కోదాని కుడికాలు మోకాలి దగ్గర కత్తిరించి, మడిచి కుడుతోంది. కత్తిరించిన ముక్కలు నేలమీద ఒక వరసలో పేర్చింది. ఆమెకి ఏదీ పారేసే అలవాటు లేదు. బావ చక్రాల కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కుర్చీ ఆ గదిలో పూర్తిగా తిరగదు. ఎటు తిప్పి వదిలితే అటే చూస్తూ కూర్చోవాలి.

"రా తమ్ముడూ. చూడు మీ బావ వైభోగం" అంది అక్క మిషన్ ఆపకుండా. "పాతికేళ్లు బండి నడిపాడు. ఒక్కసారి దిగి చూడ్డానికి బద్ధకం. నేను పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతే ఇల్లు తగలెట్టానన్నట్టు గొడవ చేసేవాడు. ఈయన మర్చిపోతే మాత్రం నేను కుడుతూ కూర్చోవాలి."

అక్క కుప్పలోంచి ఇంకో ప్యాంటు లాగింది.

"నువ్వయినా చెప్పు. అంత కష్టపడి వానలో తడుస్తూ కట్టావు. ఒక్కసారి ఆపి చూసుకుంటే ఈయన సొమ్మేం పోయింది?"

మిషన్ చక్రం తిరుగుతోంది. సూది దిగుతోంది, లేస్తోంది. సుద్దముక్కకి గోరు సందులో ఇంకా పసుపున్నట్టే అనిపించింది. చూసుకున్నాడు. లేదు.

"ఆపాడక్కా" అన్నాడు. "బావ ఆపాడు. దిగి చూశాడు. తప్పు నాది. ఐదో గొలుసు నేను బిగించలేదు. గీత ముందే గీసి పెట్టుకున్నాను, బిగించాననుకుని మోసపోయాను. బావ నా ఉద్యోగం కోసం అబద్ధం సంతకం పెట్టాడు."

మిషన్ ఆగింది. అక్క తిరిగి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్లు నిండాయి. ఇప్పుడు చెంప పగలగొడుతుంది అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే" అంది. "అద్దం నేను పగలగొడితే నువ్వే పగలగొట్టానని చెప్పి నాన్న చేత బెల్టు దెబ్బలు తిన్నావు. ఇప్పుడు ఈయన కోసం తయారయ్యావా?"

"కాదక్కా, నిజం. బావా, నువ్వు చెప్పు."

బావ గోడవైపు చూస్తూనే ఉన్నాడు. "వాడికి నా మీద జాలి. ఎక్కడో కూర్చుని కథ బాగా అల్లుకొచ్చాడు" అన్నాడు.

"విన్నావా? వాడికున్న పాటి అభిమానం నీకుందా నా తమ్ముడి మీద?" అంది అక్క మొగుడితో. "నీ బద్ధకాన్ని వాడు నెత్తిన వేసుకోవాల్సి వస్తోంది. సిగ్గుండాలి." కళ్లు తుడుచుకుని, లేచి, తమ్ముడికి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు చేతికిచ్చేటప్పుడు అతని తల నిమిరింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్న రోజున కూడా అలాగే నిమిరింది.

అతను ఆ నీళ్లు తాగాడు. ఇంకేం చేస్తాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గది ముందు నిలబడ్డాడు. లోపలికి పిలిచారు. చెప్పాడు. మేనేజరు ఫైలు తీయకుండానే విన్నాడు. "డ్రైవరు సంతకం పెట్టాక విచారణ ముగిసింది. ఇప్పుడు కట్టింది తప్పని రాస్తే తప్పు యార్డుదవుతుంది. నీకు అర్థమవుతోందా? బావ అన్నాక బాధ ఉంటుంది. వెళ్లి పని చూసుకో." గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు. "అన్నట్టు, నీ గీత పద్ధతి బాగుంది. ఈ రోజునుంచి అన్ని బళ్లకీ అదే రూలు చేశాం."

కిందికి దిగేసరికి గేటు పక్కన బోర్డు పెట్టేసి ఉంది. కాపలావాడు చదివి వినిపించాడు: ప్రతి లివర్ మీదా పసుపు గీత ఉంటేనే బండి గేటు దాటాలి. సుద్దముక్కలు ఒక కొత్త పెట్టె నిండా తెప్పించారు.

"పేరు నిలబెట్టుకున్నావు సుద్దముక్కా" అన్నాడు కాపలావాడు. "ఇక నీ పేరు బోర్డెక్కినట్టే."

ఆ రోజు మొదటి బండికి కట్టాడు. ఐదు గొలుసులూ ఒంటి బరువు వేసి బిగించాడు. ఒక్కోదాన్నీ మూడేసి సార్లు కొట్టాడు. ఖంగుమన్నాయి. నాలుగోసారి కూడా కొట్టాడు. గీతలు గీయలేదు. రాడ్డు పట్టుకెళ్లి డ్రైవరు చేతిలో పెట్టాడు. బావ స్థానంలో కొత్తగా చేరిన మనిషి అతను.

"బంకు దగ్గర ఆపు. దీంతో ప్రతిదీ కొట్టి చూసుకో. గొణిగితే కదలకు. గీతలు లెక్కపెట్టి ఎక్కేయకు."

"అలాగేనన్నా" అన్నాడు డ్రైవరు.

గేటు దగ్గర బండి ఆగిపోయింది. గీతలేవని కాపలావాడు అడ్డం పడ్డాడు. రూలు రూలే అన్నాడు. వెనక నాలుగు బళ్లు హారన్లు కొట్టడం మొదలెట్టాయి. షెడ్డులోంచి సూపర్‌వైజర్ అరుస్తున్నాడు. సుద్దముక్క నడుచుకుంటూ వెళ్లి, ఆ కొత్త పెట్టెలోంచి ఒక ముక్క తీసి, ఐదు లివర్ల మీదా ఐదు గీతలు గీశాడు.

కొత్త డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి వేలితో గాలిలో లెక్కపెట్టుకున్నాడు. ఐదు. తృప్తిగా తలూపి, చేతిలో ఉన్న రాడ్డుని సీటు కిందికి తోసేసి, గేరు వేశాడు.