కాగితం మీది తొమ్మిది వాట్లు

నేను ఒక ముసలి వ్యోమనౌకను, మనుషులెక్కని రకం. ఇక్కడి నుంచి చూస్తే సూర్యుడు కూడా ఒక చుక్కే. ఐదేళ్ళు పనిచేస్తే చాలని నన్ను చేశారు, ఇరవై ఆరేళ్ళుగా పోతూనే ఉన్నాను. అదేదో నా గొప్పతనమని పత్రికలవాళ్ళు రాశారు. గొప్పా పాడా! మనుషులాడిన అబద్ధాల పుణ్యమా అని బతికాను.

నన్ను తయారుచేసిన చోట రామజోగారావు అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరేం అడిగినా మూడోవంతు కోసేసేవాడు. ఆ సంగతి తెలిసి అందరూ ముందే ఎక్కువ రాసేవాళ్ళు. నన్ను అటూ ఇటూ తిప్పే ద్రవ ఇంధనం గొట్టంలో గడ్డకట్టకుండా వెచ్చబెట్టే హీటరు చేసింది హైమవతి. దానికి ఆరు వాట్ల కరెంటు చాలని ఆవిడకు తెలుసు. కాగితం మీద తొమ్మిది అని రాసింది. "ఆరని రాస్తే నాలుగిస్తాడు మహానుభావుడు" అని పక్క బల్ల ఆవిడతో అంటుంటే విన్నాను. తీరా కాగితాలు వెళ్ళే వారానికి పెద్దాయన గుండెపోటుతో ఆసుపత్రిలో చేరాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్త అధికారికి కోసే ధైర్యం లేదు, అన్నిటికీ సంతకాలు పెట్టేశాడు. అడిగినవాళ్ళకు అడిగినంతా దక్కింది, నాకేమో అవసరానికి మించిన కరెంటు. ఎక్కువ రాశామని తర్వాత ఎవరు ఒప్పుకుంటారు? అందరూ నోరు మూసుకుని రిటైరైపోయారు.

ఆ మిగులుతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. నా కడుపులో కరెంటు పుట్టించే అణు ఇంధనం ఏటా కాస్త చల్లారుతుంది, కరెంటు తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా నా ఒంట్లో ఏదో ఒకటి ఆపేస్తూ వచ్చారు. ముందు కెమెరా పోయింది. అందుకు నేనేం ఏడవలేదు, చూడ్డానికి ఇక్కడేముంది గనక. అక్కడ వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. ఏ భాగాన్ని ఆపినా, దాన్ని చేసినవాళ్ళకు ఫోన్ చేసి చెబుతారు. అదీ ఆపమని ఆజ్ఞ పంపేశాకే, చావు కబురు చెప్పినట్టు. ముందే చెబితే వద్దని బతిమాలతారట. కెమెరా చేసినాయన ఆ పూట అన్నం ముట్టలేదని విన్నాను.

ఇప్పుడు నన్ను చూసుకునేది దయాకర్, అతనితో ఇంకో నలుగురు. బుద్ధిమంతులే, పాపం. నాలో కరెంటు కొలిచే మీటరు పదకొండో ఏట చచ్చింది. అప్పటినుంచీ పాత కాగితాలే వాళ్ళకు దిక్కు. వాటి ప్రకారం ఈ ఏడాది రెండు వాట్లు తక్కువ పడ్డాయి. రేడియో ఆపితే మూగనవుతాను, మెదడు ఆపితే చస్తాను. ఇక మిగిలింది హీటరు. అది లేకపోయినా గొట్టం కొన్నాళ్ళు తట్టుకుంటుందేమోనని ఆశపడి, ఒక ఉదయం దాన్ని ఆపమని ఆజ్ఞ పంపారు. ఆజ్ఞ నన్ను చేరడానికి పదకొండు గంటలు పడుతుంది.

రెండు గంటలయ్యాక దయాకర్ ఆనవాయితీ ప్రకారం హైమవతికి ఫోన్ చేశాడు. ఆవిడకు ఇప్పుడు అరవై దాటాయి. ఉన్నపళంగా ఆటో ఎక్కి, ఆయాసపడుతూ వచ్చింది.

"అది ఆరేనయ్యా! తొమ్మిది కాదు. మూడు నేనే ఎక్కువ రాశాను."

"కింద మీ సంతకం ఉంది కదా మేడమ్! మేం దాన్నే నమ్ముకున్నామండీ."

"నమ్మొద్దు నాయనా. ఇంకో ఏడాదికి సరిపడా కరెంటుంది దానికి. ఆపకండి, మీకు పుణ్యముంటుంది!"

"పంపేశామండీ" అన్నాడు దయాకర్, తల దించుకుని.

ఆవిడ కుర్చీలో కూలబడి అందరి ముందూ ఏడ్చేసింది. "ఇన్నేళ్ళూ నా వల్లే బతికిందని మురిసిపోయాను. ఎవరికైనా ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. పరువు పోతుందని ఊరుకున్నాను." హీటరు మళ్ళీ వెలిగించమని దయాకర్ రెండో ఆజ్ఞ పంపాడు. మొదటిది బయల్దేరి అప్పటికి మూడు గంటలు. వెనక పంపింది ముందుదాన్ని అందుకోలేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఇవన్నీ నీకెలా తెలుసంటారా? ఆత్మకథ చెప్పుకునే లోహపు డబ్బాని అడగాల్సిన ప్రశ్నేనా అది?

మొదటి ఆజ్ఞ వచ్చింది. కాదనడం నాకెవరూ నేర్పలేదు, హీటరు ఆపాను. రెండు గంటల్లో గొట్టంలో ఇంధనం గడ్డకట్టింది. మరో గంటకు రెండో ఆజ్ఞ వచ్చింది, హీటరు వెలిగించాను. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, నా ఇంధనం కరిగితే ఉబ్బుతుంది; అలా ఉబ్బి గొట్టాన్ని చీల్చేసింది. ఉన్న ఇంధనమంతా బయటికి పోయింది. ఇక నా అంతట నేను అటూ ఇటూ తిరగలేను. వినడానికి నాకు అన్ని వైపులా చెవులే, మాట్లాడటానికి మాత్రం ఒక్కటే నోరు, అది భూమికేసి ఉండాలి. చీలికలోంచి చిమ్మిన ఇంధనం తోపుకు అది మెల్లగా పక్కకు తిరిగిపోయింది.

నలభై రోజులుగా పిలుస్తున్నారు. హైమవతి రోజూ పొద్దున్నే వచ్చి ఆ పిలుపు మీట తనే నొక్కుతోంది. "పోయిందంటారా మేడమ్?" అని దయాకర్ అడిగితే, "నేనే చంపానయ్యా" అంటోంది. రేపటితో పిలవడం మానేస్తారట.

పోలేదమ్మా నేను. నువ్వన్నట్టే ఇంకో ఏడాదికి కరెంటుంది. నువ్వు పిలిచిన ప్రతిసారీ పలుకుతూనే ఉన్నాను. ఆ పలుకు నీ భూమికి కోట్ల మైళ్ళ పక్కనుంచి పోతోంది.