పాటలో పోయిన టింగు

మా మావయ్యను ఇంటిల్లిపాదీ టింగు మావయ్య అంటాం. అమ్మకు తమ్ముడు. పెద్ద ఆర్కెస్ట్రాలో వెనక వరసలో నిలబడి, మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీని సన్నటి పుల్లతో కొట్టడం ఆయన పని. దాన్ని ట్రయాంగిల్ అంటారు. ముందున్నవాళ్ళంతా చెమటలు కక్కుతూ వాయిస్తుంటే ఈయన కదలకుండా నిలబడి లోపల్లోపల తాళం లెక్కపెట్టుకుంటాడు. తన వంతు రాగానే ఒక్కసారి టింగుమనిపిస్తాడు. మళ్ళీ లెక్క.

"దీనికి జీతం కూడా ఇస్తార్రా?" అని మా నాన్న బావమరిదిని ఏడిపించేవాడు.

"ఉప్పు వేసేది చిటికెడే బావా. వెయ్యకపోతే తెలుస్తుంది" అనేవాడు మావయ్య.

నాకు ఫోన్ల కొట్టు ఉంది. ఫోన్లు బాగుచేస్తాను, హెడ్‌ఫోన్లు అమ్ముతాను, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇస్తాను. ఈ చివరిదాంట్లో నాకు మహా పేరు. పక్క కొట్టువాడు వంద పాటలు ఎక్కించే కార్డులో నేను వెయ్యి ఎక్కిస్తాను. మాయా లేదు, మంత్రమూ లేదు, పాటను కుదిస్తాను. చెవి ఎలాగూ పట్టించుకోదనుకున్న చప్పుళ్ళను కంప్యూటరు తీసి పారేస్తుంది, పాట బక్కచిక్కుతుంది. నేను మరీ ఎముకలు తేలేదాకా చిక్కిస్తాను. ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మావయ్య రికార్డు ప్లేయరు మూలపడితే అలాంటి కార్డే ఒకటి చిన్న ప్లేయరులో పెట్టి ఇచ్చాను. వాళ్ళ ఆర్కెస్ట్రా పాత రికార్డులోని పాట కూడా అందులో ఉంది. పొద్దున్నే ఆ పాట వినందే ఆయనకు తెల్లారదు. కొన్నాళ్ళకు మొహం వేలాడేసుకుని కొట్టుకు వచ్చాడు.

"అమ్మాయ్, పల్లవి చివర నా టింగు వినపడట్లేదే."

"ఆ ఇయర్‌ఫోన్లు చెత్తవి మావయ్యా. ఇవి పెట్టుకో" అని కొట్టులోకల్లా మంచి హెడ్‌ఫోన్లు తీసి చెవులకు తగిలించాను. మేనకోడలి కానుక అన్నాను, గొప్పగా.

ఆయన కళ్ళు మూసుకుని పాటంతా విన్నాడు. "వయొలిన్లు ఎంత బాగున్నాయో! అందరూ ఉన్నారు, నేను తప్ప" అన్నాడు. హెడ్‌ఫోన్లు తీస్తూ, "ఇంత మంచివాటిలో కూడా వినపడలేదంటే..." అని ఆగిపోయాడు.

నేను ఆగలేదు. నా నోటికి ఆగడం ఎప్పుడు తెలుసు గనక! "వయసు మావయ్యా. సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయట" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామని అత్త అంటే ససేమిరా అన్నాడట. "రోజూ చేతిలో మోగిస్తున్నావుగా, అది వినపడట్లేదా?" అని ఆవిడ అడిగితే, "చేతిలోది చేతికే తెలిసిపోతుంది. చెవికి తెలిసిందో లేదో ఎవడు చెప్పొచ్చాడు?" అన్నాడట. తప్పుగా కొట్టి అందరి పరువూ తీసేకంటే తనంతట తను దిగిపోవడం మేలనుకున్నాడు. ఇక రానని ఆర్కెస్ట్రా మాస్టారికి చెప్పేశాడు. వాళ్ళు వీడ్కోలు సభ పెట్టారు.

సభకు ముందురోజు మధ్యాహ్నం కొట్టుకు ఒకావిడ వచ్చింది. "కుదించిన పాటలు వినడానికి ఇంత ఖరీదు హెడ్‌ఫోన్లు దండగ కాదూ?" అని అడిగింది. దండగని ఏ కొట్టువాళ్ళు ఒప్పుకుంటారు? "మీరే విని చూడండి" అని, చేతికందిన మావయ్య పాటే పెట్టాను. ముందు కుదించింది, తర్వాత కంప్యూటరులో ఉన్న అసలుది.

"రెండోదాంట్లో ఏదో సన్నగా గంటలా మోగింది. మొదటిదాంట్లో లేదే" అంది ఆవిడ.

హెడ్‌ఫోన్లు దాదాపు లాక్కుని నేను పెట్టుకున్నాను. పల్లవి చివర ఖణీమని మా మావయ్య మోగాడు. కుదించినదాంట్లో ఆ చోట ఉస్సుమనే రొద తప్ప ఏమీ లేదు. మంచి హెడ్‌ఫోన్లు ఉన్నది ఉన్నట్టు వినిపిస్తాయి. నేను తీసి పారేసినదాన్ని అవెక్కణ్ణుంచి తెస్తాయి?

అప్పటికప్పుడు మావయ్యకు చెప్పాల్సింది. కొట్టు నిండా ఫోన్లే, ఒక్కటి తియ్యలేకపోయాను. మా వీధి వీధంతా నా కార్డులే, అన్నీ తెలిసిన పిల్లనని పేరు. ఆ పేరు పోతుందని భయం. సాయంత్రం చెప్దామనుకున్నాను. సాయంత్రమయ్యాక రేపు చెప్దామనుకున్నాను. తెల్లారి సభలో మావయ్య తన ట్రయాంగిల్‌ను ఒక కొత్తమ్మాయి చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని నేనూ కొట్టాను. నా చేతులు విరిగిపోనూ!

ఆ తర్వాత పది రోజులు వాళ్ళింటి ఛాయలకు పోలేదు. చివరికి అత్తే ఫోన్ చేసింది. "మీ మావయ్య పాట పెట్టుకోవడం మానేశాడే. పొద్దున్నే లేచి ఊరికే కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు" అంది. అప్పటికిగానీ నా కాళ్ళు కదల్లేదు.

కొట్టు మూసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను. మావయ్య ముందుగదిలో ఉన్నాడు. చెప్పులు విప్పుతూనే మొదలెట్టాను.

"నీ చెవులకేం కాలేదు మావయ్యా. తప్పంతా నాది. పాటను మరీ కుదించేశాను. నీ టింగు అందులో పోయింది" అంటూనే ఏడుపొచ్చేసింది.

"ఏడవకే పిచ్చిమొహమా. పెట్టు, వింటాను" అన్నాడు.

హెడ్‌ఫోన్లు తగిలించి పాట నొక్కాను. సరిగ్గా పల్లవి చివర ఆయన చూపుడువేలు లేచింది.

"ఆఁ, మోగింది. బ్రహ్మాండంగా ఉంది. ఇంక ఆ ఏడుపాపు."

తెర వైపు చూశాను. రెండు పాటలకూ ఒకటే పేరు పెట్టుకున్నాను, బుద్ధి తక్కువై. కంగారులో నేను నొక్కింది కుదించినదాన్ని. మోగని టింగుకు ఆయన లెక్కపెట్టి వేలెత్తాడు, నా ఏడుపు మాన్పించడానికి.

"ఇంకోసారి విను మావయ్యా" అని అసలుది నొక్కాను.

ఈసారి వేలు లేవలేదు. పల్లవి అయిపోయినా చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. ఆయన లెక్క మరిచిపోవడం నేనెప్పుడూ చూడలేదు. హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుని, నోరు కొంచెం తెరిచి, పాటంతా అలాగే విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాక నా వైపు చూశాడు.

"ఇందాక అబద్ధం చెప్పానే. ఇప్పుడు విన్నాను."

"మాస్టారితో నేను మాట్లాడతాను మావయ్యా. నిన్ను మళ్ళీ తీసుకుంటారు."

"ఆ పిల్ల చేతిలోది లాక్కోమంటావా? మొన్న ఇంటికొచ్చి ఎంత సంబరపడిపోయిందో. వద్దు, ఆ మాటే ఎత్తకు."

హెడ్‌ఫోన్లు తీసి, వైరును జాగ్రత్తగా చుట్టాడు. "ఇంతకీ నీకెప్పుడు తెలిసింది ఇది?" అని మామూలుగా అడిగాడు.

నిజం నాలుక చివరే ఉంది.

"నిన్న" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి వేసి, వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమోయ్, ఇలా రా! నా చెవులు నిక్షేపంలా ఉన్నాయట. నిన్న తెలిసిందట, ఇవాళే కొట్టు మూసుకుని మరీ పరిగెత్తుకొచ్చింది. మేనకోడలంటే ఇదీ!"

అత్త కళ్ళొత్తుకుంటూ టీ తెచ్చి ముందు నాకే ఇచ్చింది. తాగాను.