వాషర్ లేని రింగులు

జనక్‌పురిలో మా ఇంటి ముందుగదిలో పెళ్ళి గౌన్లు కుట్టడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఢిల్లీ తెలుగు క్రైస్తవ సంఘాల్లో తెల్ల గౌను అనగానే ఈ వసంతకుమారి దగ్గరికే వస్తారు. గొప్పలు పోతున్నానని మీరనుకున్నా నాకేం పర్లేదు, ఉన్న మాటే. అందుకే మా సంఘం పిల్ల ఆరాధన ఎక్కడో కుట్టిన గౌను తెచ్చి, బాగుచెయ్యమని నా బల్ల మీద పరిచినప్పుడు ఒళ్ళు మండిపోయింది.

"ఎవడే ఈ మహానుభావుడు? రింగులు సుత్తితో కొట్టాడా, బండరాయితోనా?"

"లెవిగారు ఆంటీ," అంది సిగ్గుపడుతూ. "గౌనంతా ఆయనే కుట్టారు. చేత్తో."

ఆరాధన సాకేత్‌లో ఓ ఆస్పత్రిలో నర్సు. ఆమె చేసుకోబోయే లెవి గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేరు. మనలో పెళ్ళిబట్టలు పెళ్ళికొడుకు వాళ్ళే పెట్టాలి కదా. అందరూ కొనిపెడతారు, ఇతను వీడియోలు చూసి సొంతంగా కుట్టాడు. ప్రధానం రోజున ఆ గౌను పళ్ళెంలో పెట్టుకుని వస్తే పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, సంఘమంతా చప్పట్లు కొట్టింది. కొన్నదే అనుకుని నేనూ కొట్టాను. "నీ అదృష్టం ఎవరికుంటుందే" అని ఈ పిల్ల బుగ్గ గిల్లింది కూడా నేనే. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

గౌను వెనక, వీపు పొడవునా రెండు వరసల ఇత్తడి రింగులు. ఇటు పన్నెండు, అటు పన్నెండు. వాటిలోంచి రిబ్బను అల్లి, లాగి బిగించాలి. రింగు పైముఖం నున్నగా ఉంటుంది. దాని గొట్టం బట్టలోంచి లోపలికి దిగాక, అక్కడొక వాషర్ వేసి కొడితే అంచులు దాని మీదికి ముడుచుకుని చదునైపోతాయి. వీటికి వాషర్లే లేవు. గొట్టాలు ముక్కలుగా చీలి, పళ్ళలా లేచి నిలబడ్డాయి. లోపల అస్తరు కూడా లేదు. కొలత చూద్దామని కుర్తా తీయించాను. వీపు మీద ఎర్రటి చుక్కలు, రెండు వరసలు.

"ఒక్కసారే వేసుకున్నానాంటీ," అంది.

"పాపం మగాడు, తెలీక చేశాడు," అన్నాను. తెలీకట! నాకంటే బుద్ధిలేనిది ఇంకెవరైనా ఉంటారా?

పాడైన రింగుని పట్టుకు లాగితే బట్ట చిరుగుతుంది. అందుకని లోపల లేచిన ముక్కల్ని ఒక్కొక్కటే కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, రింగుని మెల్లగా పైకి తోసి తీశాను. ఇరవై నాలుగూ తీసేసరికి వేళ్ళు బొబ్బలెక్కాయి. సాగిపోయిన చిల్లుల కింద గట్టి బక్రం గుడ్డ ముక్కలు పెట్టి, చుట్టూ కుట్టి, ఒక సైజు పెద్ద రింగులు వాషర్లతో సహా బిగించాను. ఆ వరసల మీద మెత్తని ఫ్లానెల్ పట్టీ కుట్టాను. ఇక పసిబిడ్డకి తొడిగినా గీసుకోదు.

మూడు వారాలకి ఆరాధన మళ్ళీ వచ్చింది.

"చిన్న పనే ఆంటీ, జల్దీగా చేసేయండి. ఆయన కింద కారు పార్క్ చేస్తున్నారు," అంది. "లోపల మరకలు పడ్డాయి. బయటికి కనపడకుండా పైన ఇంకో పొర వెయ్యాలి."

గౌను తిరగేశాను. ఫ్లానెల్ పట్టీ లేదు. చింపలేదు, కత్తిరించలేదు. ఒక్కో కుట్టూ ఓపిగ్గా విప్పి, బట్ట మీద సూది గుర్తు కూడా మిగలకుండా తీశారు. నా రింగులు పోయి కొత్తవి వచ్చాయి. వాషర్లు లేవు. ఈసారి దెబ్బ ఒక్కటీ వంకరపోలేదు. చెయ్యి తిరిగినవాడి పని. లేచిన పళ్ళన్నీ ఒకే ఎత్తులో, ఒంటి వైపుకి చూస్తున్నాయి. వాటి చుట్టూ గోధుమరంగు మరకలు.

"వీపు చూపించు."

"వద్దాంటీ."

"చూపించవే!"

నర్సు కదా, డ్రెస్సింగ్ చక్కగానే వేసుకుంది. అటు పన్నెండు, ఇటు పన్నెండు.

"రోజూ గంటసేపు వేసుకుని అలవాటు చేసుకోమన్నారు," అంది తలొంచుకుని. "నేను వంగి నడుస్తానంట. ఫోటోల్లో బాగోదంట."

నాకు కోపం రాలేదు. భయం వేసింది.

"అమ్మాయ్, నా మాట విను. వీడు నీకొద్దు. శుభలేఖలు పంచితే పంచారు, చించి పారేద్దాం. మీ అమ్మకి నేను చెప్తాను."

"ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదాంటీ. గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడరు."

"వందనాలు ఆంటీ," అంటూ లోపలికొచ్చాడు లెవి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, పక్కపక్కన సర్దిపెట్టి మరీ వచ్చాడు.

"వీటికి వాషర్లు లేవు బాబూ," అన్నాను, గౌను ఎత్తి చూపిస్తూ.

"తెలుసండీ. మొదటిసారీ తెలుసు." నవ్వాడు. "మీరు పాపం పాడుచేశారు. మళ్ళీ వెయ్యడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది."

గౌను గుండెలకి అదుముకున్నాను. పళ్ళు నా చేతికి దిగాయి. "ఇది ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో. రేపు సంఘం ముందు తిరగేసి చూపిస్తాను."

"ఉంచుకోండి ఆంటీ," అన్నాడు, గొంతు వీసమెత్తు కూడా పెంచకుండా. "కొలతలు నా దగ్గరున్నాయి. పెళ్ళికింకా నెల ఉంది." ఆమె వైపు తిరిగాడు. "వెళ్దామా?"

నేను ఆరాధన మణికట్టు పట్టుకున్నాను. "వెళ్ళకే తల్లీ. ఈ రాత్రికి ఇక్కడే ఉండు."

ఆమె నా వైపు చూసింది. ఉండిపోతుందనే అనుకున్నాను. ఒక్క క్షణం నా వేళ్ళని తనూ పట్టుకుంది. లెవి ఆమె భుజాల వైపు చూశాడు, అంతే. ఆ పిల్ల భుజాలు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. మెడ లేచింది.

"ఠీక్ హై ఆంటీ, ఫోన్ చేస్తాను," అని నా చెయ్యి విడిపించుకుంది.

గుమ్మం దాకా పరిగెత్తాను. గౌను నా చేతుల్లోనే ఉంది. అయినా మూడంతస్తుల మెట్లు దిగుతున్నంతసేపూ ఆరాధన వీపు ఒక్కసారి కూడా వంగలేదు.