పైవాటా తాళం

"అద్దె ఇళ్ళు ఎలా చూసుకోవాలో నన్ను మాట్లాడమన్నారు. ఓ నాలుగు ముక్కలు చెప్పు," అన్నాడు మా ఆయన.

నేనప్పుడు పెరటివైపు వాటా స్నానాలగదిలో గొంతుక్కూర్చుని, తూముకి అడ్డం పడ్డ జుట్టు ఉండని వైరుతో బయటికి లాగుతున్నాను. చెప్పులు తడుస్తాయని ఆయన గుమ్మం అవతలే నిలబడ్డాడు. ఆదివారం మా వీధి ఇళ్ళ యజమానుల మీటింగు ఉంది. ఒకటో రెండో వాటాలు అద్దెకిచ్చుకునేవాళ్ళకి పనికొచ్చే సలహాలు చెప్పమని సెక్రటరీగారు ఈయన్ని అడిగారట. "మీ వాటాలు ఖాళీగా ఉండగా ఎప్పుడూ చూళ్ళేదు సార్, ఆ కిటుకేదో మాకూ చెప్పండి," అన్నారట.

ఆ కిటుకు లేచి, చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"పాతవాళ్ళు ఖాళీ చేశాక రంగులు వేయించేముందు గోడల్లో చెమ్మ ఎక్కడుందో చూసుకోవాలండీ. చెమ్మ మీద రంగేస్తే పెచ్చులూడిపోతుంది. కొత్తవాళ్ళు దిగేటప్పుడు కుళాయిలూ స్విచ్చులూ వాళ్ళ ముందే వేసి చూపించాలి. గోడలు ఫోటో తీసి వాళ్ళకీ పంపాలి. ఆ మేకు నువ్వు కొట్టావంటే నువ్వు కొట్టావని రేపు తగువుండదు. రిపేరుకి ఫోన్ చేస్తే ఆ రోజే వెళ్ళాలి, కుదరకపోతే ఎప్పుడొస్తామో చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెప్పకుండా లోపలికి వెళ్ళకూడదు. అద్దెకిచ్చాక అది వాళ్ళిల్లు."

చివరి మాటకి ఆయనకి నవ్వొచ్చింది. "మన ఇంట్లోకి మనం వెళ్ళడానికి టిక్కెట్టు తీసుకోవాలా ఏంటి? సర్లే, మిగతావి బాగున్నాయి."

మా మామగారు కట్టిన ఇల్లది. కింద మేమూ మా అత్తగారూ ఉంటాం. పైన ఒక వాటా, పెరట్లో ఒక వాటా. కాగితాల్లో ఆయన ఓనరు, నేను ఓనరుగారి ఆవిడని. కానీ అద్దెకున్నవాళ్ళ దగ్గర ఉండే ఫోన్ నంబరు మాత్రం నాది. కుళాయి కారినా, మోటారు మొరాయించినా, పక్కవాళ్ళ పిల్లాడు కిటికీ అద్దం పగలగొట్టినా మోగేది నా ఫోనే. నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో అది మోగిందంటే మా మేనేజరు పెద్దగా నవ్వుతూ "ఎన్ని కాపురాలు చక్కబెడతావమ్మా?" అంటాడు, కస్టమర్ల ముందే. ఇంటికొచ్చి పైపులవాడితో బేరమాడుతుంటే అతను నా భుజం మీదుగా లోపలికి చూసి "సారు లేరా?" అంటాడు. సారు ఉంటాడు, టీవీ చూస్తూ ఉంటాడు. కాలు కదపకుండా అద్దెలొచ్చి పడుతుంటే ఇంకేం కావాలే నీకని అత్తగారు. కదిలే కాళ్ళు ఆవిడకి కనపడవు. చుట్టాలొస్తే మా ఆయన "మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంది లెండి," అని మెచ్చుకుంటాడు. ఆ 'కాస్త' అనే మాట విన్నప్పుడల్లా పళ్ళ మధ్య ఇసక పడ్డట్టుంటుంది నాకు. ఉమ్మేద్దామంటే చుట్టాల ముందు బాగుండదు. మింగేసి కాఫీలు అందిస్తాను.

ఆదివారం పొద్దున మీటింగులో కూడా టీలు నా చేతే పోయించారు. వెనక నిలబడి కెటిల్ పట్టుకుని విన్నాను. "నేనైతే చెమ్మ చూడందే రంగు జోలికి పోను," అన్నాడు. "నేనైతే ఫోనొచ్చిన రోజే వెళ్ళి చూస్తాను," అన్నాడు. ఒళ్ళు మండింది కానీ ఆశ్చర్యమేం వెయ్యలేదు. చెప్పకుండా లోపలికి వెళ్ళకూడదన్న మాట ఎప్పుడొస్తుందా అని చూశాను. రాలేదు. చప్పట్లు కొట్టారు. "చూసి నేర్చుకుంటాం, మీ పైవాటా ఓసారి చూపించండి సార్," అన్నారు సెక్రటరీగారు. నేను కప్పులు కడుగుతున్నాను. ఆయనా, సెక్రటరీగారూ, ఇంకొకాయనా కలిసి పైవాటాకి వెళ్ళిన సంగతి నాకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి మెట్ల మీద నిలబడి ఉంది పైవాటా అమ్మాయి. ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది. నైటీ మీద దుప్పటి కప్పుకుని ఉంది. ఆ ఎండలో దుప్పటి.

"అక్కా, పడుకున్నాను," అంది. "ఏవో మాటలు వినపడి కళ్ళు తెరిచాను. నా మంచం కాళ్ళ దగ్గర ముగ్గురు మగాళ్ళు. అంకుల్ పైకప్పు చూపిస్తూ ఏదో చెబుతున్నారు. ఒకాయన కప్పు చూడట్లేదక్కా, నన్ను చూస్తున్నాడు."

ఆమె గొంతు పెరగలేదు. దానికే భయమేసింది నాకు.

లోపల మా ఆయన సోఫాలో కూర్చుని ఉన్నాడు. "తలుపు కొట్టాను, పలకలేదు. బయటికెళ్ళిందనుకుని మన దగ్గరున్న తాళంచెవితో తీశాను," అన్నాడు.

"మంచం మీద మనిషి కనపడ్డాక?"

"రెండు నిమిషాలు! ఆ పిల్ల అనవసరంగా రాద్ధాంతం చేస్తోంది. మనింట్లోకి మనం వెళ్తే నేరమా?"

అత్తగారు గదిలోంచే అందుకున్నారు. "పట్టపగలు పడుకుంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? ఆడపిల్ల అన్నాక కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి."

ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పైకెళ్ళి సర్దిచెప్పు. ఆడదానివి, నువ్వు చెబితే వింటుంది. వీధిలో పరువు పోతుంది."

కాళ్ళు అలవాటు ప్రకారం కదిలాయి. మెట్లెక్కుతూ మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన ఉద్దేశం అది కాదమ్మా, మనసు మంచిది, కాస్త తొందరపాటు. ఎన్నిసార్లు ఎంతమంది దగ్గర వాడిన మాటలు! మా అమ్మ దగ్గర వాడాను, షాపులో వాడాను, అద్దంలో నా మొహంతో నేనూ అనుకున్నాను. అన్నం వండటం, తూములు బాగుచెయ్యటం ఎంత పనో, ఆయన చేసినదాన్ని చెయ్యనట్టు తుడిచెయ్యటం కూడా అంత పని. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే. ఇప్పుడు నేను వెళ్ళి ఆ పిల్ల భయాన్ని తుడవాలి. రేపు మళ్ళీ నిద్రపోవడానికి ఆమెకున్న ధైర్యాన్ని నా చేత్తో నేను తీసి ఆయనకివ్వాలి.

సగం మెట్ల మీద ఆగిపోయాను. కోపం అంటే ఇన్నాళ్ళూ గొంతులో ఉంటుందనుకున్నాను. అరికాళ్ళ నుంచీ వచ్చింది.

ఆ అమ్మాయి బట్టలు సర్దుకుంటోంది. "ఖాళీ చేసేస్తానక్కా."

"చెయ్యాలనిపిస్తే చెయ్యి, నేను ఆపను. తప్పు ఆయనది. నేను సర్దిచెప్పడానికి రాలేదు," అన్నాను. ఆ మాట అన్నాకే అది నిజమైంది. "ఉంటానంటే మాత్రం ఇప్పుడే తాళం మార్పిస్తాను."

ఆమె మంచం మీద కూర్చుని, దుప్పటిలో మొహం దాచుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఊరుకోమని అనలేదు.

తాళాలు బిగించే అతనికి ఫోన్ చేశాను. సుత్తి చప్పుడు వినగానే మా ఆయన పైకొచ్చాడు.

"ఎవర్నడిగి మారుస్తున్నావు?"

"ఉండేవాళ్ళని అడిగి."

"ఒక తాళంచెవి ఇలా ఇవ్వు."

కొత్త తాళానికి వచ్చిన చెవులన్నీ ఆ అమ్మాయి చేతిలో పెట్టి గుప్పిట మూశాను. "లోపల ఏదైనా పనుంటే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్ళండి," అన్నాను.

"నువ్వెవరు నా ఇంట్లో..." అని మొదలుపెట్టాడు. సుత్తి పట్టుకున్న మనిషి తలెత్తి చూడటంతో ఆగాడు. ఆ ప్రశ్న సగమే బయటికొచ్చినా నాకు మొత్తం వినపడింది. నేనెవర్ని? అద్దెకున్నవాళ్ళకైనా తలుపు మీద ఒక హక్కు ఉంది, చెప్పకుండా రావద్దనడానికి. నేను బట్టలు మార్చుకుంటున్నా, ఒంట్లో బాగాలేక పడుకున్నా, ఒక్కదాన్నే కూర్చుని ఏడుస్తున్నా, ఏ తలుపైనా ఎవరైనా తోసుకుని రావచ్చు. వచ్చి, ఆ కళ్ళజోడు ఎక్కడ పెట్టావు అని అడగొచ్చు.

పనిముట్లు సంచిలో వేసుకుంటూ అతను అడిగాడు. "ఇంకేమన్నా ఉన్నాయామ్మా?"

"ఉంది. కింద ఇస్త్రీ బట్టలు పడేసుకునే చిన్నగది. దానికి లోపలివైపు గడియ పెట్టాలి."

మా ఆయన మా వెనకే దిగాడు. "ఆ గది ఎవరికి అద్దెకిస్తున్నావు?" అన్నాడు, ఎగతాళిగా.

"ఎవరికీ కాదు. అందులో నేనుంటాను."

బట్టల గుట్ట ఎత్తి సోఫాలో, మళ్ళీ వచ్చి కూర్చున్న ఆయన పక్కనే పోశాను. నా దిండూ దుప్పటీ తెచ్చుకున్నాను. గడియ బిగించడం అయ్యాక అతన్ని పంపించి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. కొత్త గడియ బిర్రుగా ఉంది, అరచేత్తో నెట్టాల్సి వచ్చింది.

బయట అత్తగారు ఏదో అంటున్నారు. పెరటి వాటావాళ్ళు నీళ్ళు రావట్లేదని చెప్పడానికి వచ్చినట్టున్నారు, వాళ్ళ గొంతూ వినపడింది. తర్వాత తలుపు కదిలింది. ఎప్పటిలాగే తోశాడు. తెరుచుకోలేదు. ఇంకోసారి గట్టిగా తోశాడు. చివరికి వేలి కణుపుల చప్పుడు, రెండుసార్లు, మెల్లగా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నా తలుపు తట్టడం అదే మొదలు.

"ఎవరు?" అన్నాను.