వెండి సంచీ, బూడిద స్తంభం

ఆ అపార్టుమెంటులో అందరూ ఆయనను చాటుగా ‘సుత్తి మావయ్య’ అనేవారు. దానికి రెండు కారణాలున్నాయి. సిమెంటు పరీక్షల లాబ్‌లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాక కూడా, కాంక్రీటు గట్టిదనాన్ని కొలిచే స్ప్రింగు సుత్తిని చంకలో పెట్టుకొని తిరగడం మొదటిది. రెండోది ఆయనకు తెలియదు.

కార్లు నిలిపే కింది అంతస్తులో ఇరవై నాలుగు స్తంభాలున్నాయి. వాటి పెచ్చులు ఊడి, లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి బయటపడ్డాయి. ఆ చువ్వల మీద నమ్మకంతో పైన ఐదంతస్తుల సంసారాలు నిశ్చింతగా నిద్రపోతున్నాయి. మరమ్మతుకు సుత్తి మావయ్య ఒక మార్గం చెప్పాడు. సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు విద్యుత్ కేంద్రం వదిలేసే బూడిద, ఉక్కు కొలిమిలో మిగిలే చిట్టెం పొడి కలపాలి. అలా పూస్తే తేమ అంత తేలిగ్గా లోపలికి దిగదనీ, చువ్వలు ఎక్కువ కాలం నిలుస్తాయనీ ఆయన వాదన.

సంఘం అధ్యక్షుడు స్వయానా ఆయన బావమరిది. వెండి రంగు సంచీలో వచ్చే రెడీమేడ్ పొడి తప్ప మరొకటి స్తంభాన్ని తాకరాదని అతని పట్టుదల. ఆ సంచీ మీద సింహం బొమ్మ ఉంది. అంతకు మించిన సాంకేతిక వివరాలు అతనికి అవసరం కాలేదు.

“ఫ్యాక్టరీ చెత్త తెచ్చి మన కొంపకి పూస్తావా బావా?”

“చెత్త అన్నది వస్తువు గుణం కాదురా. పారేసినవాడి అభిప్రాయం.”

“ఆ అభిప్రాయం కూలితే పడేది నా నెత్తిన.”

చివరికి రాజీ కుదిరింది. మెట్ల పక్కనున్న రెండు స్తంభాల్లో ఎడమదానికి వెండి సంచీ, కుడిదానికి బూడిద. బూడిద నిదానంగా గట్టిపడుతుంది కనుక ఇరవై ఎనిమిదో రోజున సుత్తితో కొట్టి చూడాలి. గెలిచినదాన్నే మిగతా స్తంభాలకు పూయాలి.

పని జరిగిన రోజున సుత్తి మావయ్య వంటింటి తక్కెడ తెచ్చి, బూడిదను గ్రాములతో సహా తూచి, కుడి స్తంభం పూర్తయ్యేదాకా మేస్త్రీని కళ్లార్పనివ్వలేదు. ఆ తరువాత భోజనానికి వెళ్లాడు. ఎడమ స్తంభం అధ్యక్షుడి బాధ్యత. సింహం ఉన్నచోట కాపలా దండగని అధ్యక్షుడు అప్పటికే పడుకున్నాడు.

మూడో రోజున అతను కారు తాళంతో కుడి స్తంభాన్ని గీకాడు. గీత పడింది.

“చూశావా బావా, వెన్నలా ఉంది.”

“ఎడమది గీకి చూశావా?”

“దాన్ని గీకడం దేనికి? అది గట్టిదేగా.”

ఒక పక్కే పరీక్షించి తీర్పు చెప్పే జబ్బును గురించి సుత్తి మావయ్య అక్కడికక్కడే అరగంట ప్రసంగించాడు. ఆ అరగంటలో రెండో కారణం అందరికీ మరోసారి స్పష్టమైంది.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే జనం చేరారు. ఆయన ఒక్కో స్తంభం మీద పదిసార్లు కొట్టి, అంకెలు నోటుపుస్తకంలో రాశాడు. కుడి స్తంభం మీద ఇరవై తొమ్మిది వస్తే, “లోపల గాలిబుడగ ఉండి ఉంటుంది” అని కొట్టేశాడు. ఎడమ స్తంభం మీద నలభై నాలుగు వస్తే, “కింద చువ్వ తగిలింది” అని దాన్నీ కొట్టేశాడు. లాబ్‌లో అసహజమైన అంకెలను తీసివేసే నియమం ఒకటుంది. ఆయన దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు, తనకు కావలసిన దిశలో.

“బూడిద నలభై. మీ సింహం ముప్పై ఆరు.”

“అంకెలెందుకు బావా, చప్పుడు విను. ఎడమది ఎంత ఖంగుమంటోందో.”

సరిగ్గా అప్పుడే ఆయన భార్య చేతిలో నీళ్ల చెంబుతో మెట్లు దిగింది.

“ఒరే తమ్ముడూ, నీ సింహం నెల్నాళ్లుగా నా పూలకుండీ కిందే ఉంది కదరా. స్తంభానికి పూసిందేమిటి?”

అందరూ మెట్ల కిందికి వంగి చూశారు. కుండీ కింద వెండి సంచీ, కుట్టు విప్పకుండా ఉంది. రోజూ కారిన నీళ్లకు పొడి మాత్రం గట్టిపడింది, సంచీలోనే.

మేస్త్రీని పిలిపించారు.

“తొట్టిలో మీ బూడిద మాలు సగం మిగిలిపోయింది సారూ. వదిలేస్తే గడ్డకట్టి పాడైపోతుంది. పక్క స్తంభం ఖాళీగా ఉందిగదా అని పూసేశాను. ఎవరూ అడగలేదు.”

“అయితే రెండూ బూడిదేనా?” అన్నాడు అధ్యక్షుడు. “అందుకే ఎడమది అంత ఖంగుమంది. నేను ముందే చెప్పాగా. సరే బావా, నీదే ఖాయం చేసేద్దాం.” అభిప్రాయం గట్టిపడటానికి అతనికి ఇరవై ఎనిమిది రోజులు పట్టలేదు.

జనం చప్పట్లు కొట్టారు. సుత్తి మావయ్య నోటుపుస్తకం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒకే తొట్టి, ఒకే మాలు, ఒకే సుత్తి. ఒకచోట నలభై, ఇంకోచోట ముప్పై ఆరు. ముప్పై రెండేళ్లలో ఒక్క అంకె కూడా దిద్దలేదని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. నోరు మూసుకుంటే ఈ సంగతి ఎవరి దృష్టికీ రాదు. పైగా అడిగినది దక్కింది కూడా.

“ఖాయం చెయ్యకు,” అన్నాడు. “ఒకే మాలుకి రెండు అంకెలు రాశాను.”

“సుత్తి పాడైందేమో.”

“సుత్తి బాగానే ఉంది.”

అధ్యక్షుడికి నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు.

“మళ్లీ కొడదాం,” అన్నాడు సుత్తి మావయ్య. “మేస్త్రీ కొడతాడు, మీ అక్క రాస్తుంది. ఒక్క అంకె కూడా తీసెయ్యొద్దు. సగటు ముప్పై ఐదు దాటితే అన్నిటికీ పూద్దాం. దాటకపోతే నీ సింహాన్నే తెప్పించు. నేను అటు తిరిగి నిలబడతాను.”

ఆయన గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. వెనక సుత్తి టక్కుమంటోంది, భార్య అంకెలు చదువుతోంది. “ఇరవై తొమ్మిది” అన్నప్పుడు ఆయన చెయ్యి తనంతట తానే చొక్కా జేబు దాకా వెళ్లింది. జేబులో పెన్ను లేదు. దాన్ని ఆవిడ ముందే తీసేసుకుంది.

ఇరవై దెబ్బలకు సగటు ముప్పై ఏడు.

“గెలిచావు బావా.”

“నేను కాదు, బూడిద,” అన్నాడు ఆయన, గోడతో చెబుతున్నట్టు. తరువాత ఇటు తిరిగి భార్య వైపు చెయ్యి చాచాడు. “నా పెన్ను ఇటివ్వు.”

“రేపిస్తాలెండి,” అంది ఆవిడ.