పద్నాలుగో నోడ్

వెంకటరామయ్య గారికి ఎం.టెక్ పిల్లల మీద ఒకే ఒక్క విషయంలో కోపం వచ్చేది. వచ్చిందంటే మాత్రం ఓ పట్టాన తగ్గేది కాదు. ఇనుప కట్టడాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊహించి, ముక్కలు కలిసే ప్రతి నోడ్‌కూ నంబరు వేసి, బరువు పెడితే ఎంత వంగుతుందో లెక్కగట్టడం ఆయన చెప్పే పాఠం. కట్టడం ఎక్కడెక్కడ ఆనుతుందో సరిగా చెప్పకపోతే కంప్యూటరు మొండికేస్తుంది. అప్పుడు అతితెలివి పిల్లలు ఏదో ఒక నోడ్‌ను కదలకుండా బిగించేస్తారు. నిజానికి అక్కడ ఏ ఆధారమూ ఉండదు, లెక్క మాత్రం నడిచిపోతుంది. దాన్ని ఆయన దొంగ ఊత అనేవారు. దొంగ ఊత పెట్టిన పేపరుకు సున్నా, మిగతాదంతా ముత్యాల్లా రాసినా సరే.

1998లో ఆయన తనకు ఈమధ్య మరింత పేరు తెచ్చిన లెక్కనే క్లాసుకు ఇచ్చారు. మాదాపూర్‌లో లేస్తున్న కొత్త ఆఫీసు భవనానికి ముందువైపు అద్దాల పందిరి. దాన్ని మోసే గర్డర్లు, అంటే ఇనుప దూలాలు, నిలుస్తాయని సంతకం పెట్టింది ఆయనే. ఆ లెక్క తాలూకు రంగుల ప్రింటు క్లాసు గోడకు అంటించి ఉంది. దాన్ని చూసుకుని ఆయన మురిసిపోని రోజు లేదు.

ఒక్క గర్డరును కాగితం మీద చేసుకు రమ్మంటే పదమూడు మంది ఆయన జవాబే తెచ్చారు. ప్రింటు చూసి రాస్తే రాక ఏమవుతుంది? రోహిణి ఒక్కతే, గర్డరు మూడింతలు ఎక్కువ వంగుతుందని తెచ్చింది.

"ఎక్కడ తప్పావో చూసుకున్నావా అమ్మా?"

"మూడుసార్లు చేసిన సార్. మీ ప్రింటుల పద్నాలుగో నోడ్ గోడకు బిగిచ్చి ఉంది. గడ్డర్ ఆడ గోడకు తగులనే తగులది." రోహిణి గొంతు తగ్గించింది. "మా నాయన దాని కిందనే వెల్డింగ్ చేస్తడు. మొన్న సద్ది ఇయ్యవోయి చూసిన. నడుమ రెండు వేళ్లు పట్టే సందుంది."

ఆయన గోడ దగ్గరికి వెళ్లి ప్రింటు చూశారు. ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. మార్చిలో కంప్యూటరు మొండికేస్తే, ప్రస్తుతానికని పద్నాలుగో నోడ్‌ను బిగించారు. అసలు తప్పు ఇంకెక్కడో దొరికింది, దిద్దారు. ఇది మాత్రం అలాగే ఉండిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

మనసు ముందు తప్పించుకునే దారే వెతికింది. 'తర్వాత నా గదికి రా' అంటే చాలు. ఇరవై రెండేళ్ల పేరు నిలుస్తుంది. ఆయన ముఖం చూసి రోహిణికి జాలేసింది.

"నాదే తప్పేమో సార్. మల్ల చేస్త," అంది.

ఆ మాట ఆయనకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"వద్దమ్మా. నీ లెక్క సరైనదే. దొంగ ఊత పెట్టింది నేను."

ప్రింటు ఊడదీసి, అందరి ముందూ మూల మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. రోహిణిని వెంటబెట్టుకుని ఆఫీసు గదికి నడిచి, పందిరి కాంట్రాక్టరు బుల్లిబాబుకు ఫోన్ చేశారు.

"పని ఆపించండి. నా లెక్కలో తప్పుంది."

"పొద్దున్నుంచీ అద్దాలు ఎక్కిస్తున్నామండీ. మీరే కదండీ సంతకం పెట్టారు. ఓనర్లకు ఎవరి తప్పని చెప్పమంటారు?"

"నాదని చెప్పండి. రాసిస్తాను కూడా."

లైన్లోనే ఉండమని చెప్పి బుల్లిబాబు పని ఆపించడానికి వెళ్లాడు. తప్పు తనదని అనేశాక ఆయనకు గుండె తేలికపడింది. కాస్త గర్వం కూడా కలిగింది, దాచడం దేనికి. తలుపు దగ్గర రోహిణి తన లెక్క కాగితాలను పిడికిట్లో నలిపేస్తూ నిలబడి ఉంది.

"ఇంకేం ఫరవాలేదమ్మా. ఆపిస్తున్నారు."

"మా నాయన దాని కింద నుంచి బయటికొచ్చిండా, జర అడుగుండ్రి సార్."

ఇంతసేపూ ఆయన ఆలోచించింది తన పేరు గురించే. తల దించుకుని ఫోన్ ఆ పిల్ల చేతికిచ్చారు.